సముద్రం దాటిన పంటలు – 17: విత్తనం రాకుండా వచ్చిన సోయా

ఈ ధారావాహికలో ఇంతవరకు చర్చకు వచ్చిన జీడిమామిడి, మిరప, వేరుశనగ, మొక్కజొన్న ఏ ఖండంలో పుట్టినా, ఏ ఓడ ఎక్కినా, చివరకు విత్తనంగానే తెలుగు తీరానికి చేరి, ఇక్కడి ఇసుక నేలల్లోనో ఎర్రమట్టిలోనో వేరూని, కొన్ని తరాలు గడిచేసరికి పరాయి పంటలన్న సంగతే మరుపున పడేటంతగా ఊరివైపోయాయి. ఉద్దానం జీడితోటల చరిత్ర అదే: బ్రెజిల్ తీరపు చెట్టును పోర్చుగీసువారు పదహారో శతాబ్దంలో పడమటి తీరాన దించగా, అది కాలక్రమంలో తూర్పు తీరానికి పాకి, పలాస-కాశీబుగ్గ జంటపట్టణాలను జీడిపప్పుకు మారుపేరుగా నిలిపింది. సోయాచిక్కుడు కథ దీనికి భిన్నమైనది. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా సోయాను పంటగా వేసే ఆనవాయితీ లేదు. వరి కోసిన మాగాణుల్లో ఇక్కడ పడేది మినుము, పెసర, మెట్టల్లో పడేది ఉలవ. అయినా సోయా, అందులోనూ ప్రయోగశాలలో జన్యువు మార్చిన సోయా, నూనె రూపంలో ఈ ప్రాంతపు అంగళ్లకూ వంటిళ్లకూ చేరువై చాలాకాలమైంది. మన చట్టాలు విత్తనాన్ని గడపలో ఆపి, అదే విత్తనపు పంటను పెరటి దారిన రానిచ్చిన తీరు ఈ భాగంలో పరిశీలనకు వస్తుంది.

సోయాచిక్కుడు మొదట సాగులోకి వచ్చింది చైనాలో. భారతదేశంలో కుమావూ కొండల ప్రజలు ‘భట్’ అని పిలిచే నల్ల సోయాను చాలాకాలంగా తింటున్నప్పటికీ, ఇప్పుడు పొలాల్లో కనిపించే పసుపు గింజ రకాలు 1960 దశకంలో పంత్‌నగర్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో కలిసి సాగించిన ప్రయోగాల నుంచి వచ్చినవి. వానాకాలంలో బీడుగా వదిలేసే మాళవ నల్లరేగళ్లలో ఈ పంట నిలదొక్కుకుని, అక్కడి నుంచి మహారాష్ట్రకు, మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాలకు వ్యాపించింది. తెలుగువారి సోయా సాగు దాదాపు అంతా ఆ మూలనే ఉంది. ఈ గింజలో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 20 శాతం నూనె ఉంటాయి కనుక, మిల్లులో నూనె కంటే నూనె తీయగా మిగిలిన చెక్క, అంటే దాణా వ్యాపారులు డీవోసీ అని పిలిచే సరుకు, నాలుగు రెట్లు ఎక్కువ తూగుతుంది. ప్రపంచంలో పండే సోయాలో సుమారు నాలుగింట మూడు వంతులు మనుషుల కంచంలోకి నేరుగా రాక, కోళ్లకు, పందులకు, పశువులకు, చేపలకు మేతగా మారడానికి కారణం ఇదే. సోయాను నూనెగింజ అని మాత్రమే అనుకునేవారికి దాని చరిత్రలో సగానికి పైగా కనబడదు.

జన్యుమార్పిడికి తొలినాళ్లలోనే సోయాను ఎంచుకోవడం వెనుక ఉన్నది పోషకాహారపు ఆలోచన కాదు, కలుపు సమస్య. మోన్‌శాంటో రసాయన సంస్థలో జాన్ ఫ్రాంజ్ 1970లో కనుగొన్న గ్లైఫోసేట్ అనే కలుపు మందు 1974లో ‘రౌండప్’ పేరుతో అమ్మకానికి వచ్చింది. మాంసకృత్తులకు మూలపదార్థాలైన అమైనో ఆమ్లాల్లో కొన్నింటిని మొక్కలు తమంతట తాము తయారు చేసుకునే రసాయన మార్గంలో ఈపీఎస్‌పీఎస్ అనే ఎంజైము ఒక మెట్టు. గ్లైఫోసేట్ ఆ ఎంజైముకు అతుక్కుని మార్గాన్ని మూసేయగానే మొక్క కొద్ది రోజుల్లో వాడి ఎండిపోతుంది. జంతువుల శరీరంలో ఈ మార్గమే లేదన్నది ఆ మందును సమర్థించేవారి ప్రధాన వాదన. అయితే గ్లైఫోసేట్‌కు కలుపు ఏదో పంట ఏదో తెలియదు కనుక, పైరు మొలిచాక దానిని పొలమంతా చల్లడం సాధ్యం కాలేదు. లూసియానా రాష్ట్రంలో గ్లైఫోసేట్ తయారయ్యే కర్మాగారపు వ్యర్థాల్లో, ఆ రసాయనం మధ్యనే బతుకుతున్న ఆగ్రోబాక్టీరియం జాతి సూక్ష్మజీవి ఒకటి దొరకడంతో చిక్కు వీడింది. దానిలోని ఎంజైము గ్లైఫోసేట్‌కు లొంగదు. ‘సీపీ4’ అని పేరు పెట్టిన ఆ సూక్ష్మజీవి జన్యువుకు, కాలీఫ్లవర్‌ను పీడించే ఒక వైరస్ నుంచి తీసిన ప్రమోటర్‌ను, అంటే జన్యువు పనిచేయడం మొదలుపెట్టేలా చేసే డీఎన్‌ఏ ముక్కను, దానితోపాటు ఎంజైమును ఆకులోని హరితరేణువుల్లోకి చేర్చే పెటూనియా పూలమొక్క ముక్కను జోడించారు. ఈ కూర్పును సన్నని బంగారు రేణువులకు పూసి, ‘జన్యు తుపాకీ’ అనే పరికరంతో సోయా కణజాలంలోకి దూసుకుపోయేలా కొట్టగా, విస్కాన్సిన్‌లోని అగ్రాసిటస్ సంస్థ అభివృద్ధి చేసిన ఆ పద్ధతి నుంచి వచ్చినదే ‘40-3-2’ అనే వంశం. అది 1994లో అమెరికా ప్రభుత్వ అనుమతులు పొంది, 1996లో ‘రౌండప్ రెడీ’ సోయాగా పొలాల్లోకి దిగింది.

రైతుకు దీనివల్ల కలిసివచ్చింది దిగుబడి కాదు, తీరిక. కలుపు కోసం పదేపదే దున్నడం, నాలుగైదు రకాల మందులు కలిపి చల్లడం తప్పి, ఒకే మందుతో పని ముగియడం వందల ఎకరాలు ఒంటిచేత్తో సేద్యం చేసే అమెరికా రైతుకు ఎంత ఆకర్షణో, కూలీలను పెట్టి కలుపు తీయించే మన ప్రాంతపు రైతుకు ఊహించడం కష్టం కాదు. పదేళ్లు తిరిగేసరికి ఆ దేశపు సోయా విస్తీర్ణంలో పదింట తొమ్మిది వంతులు ఈ రకాలతోనే నిండింది. అర్జెంటీనా 1996లోనే అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి సరిహద్దు దాటి బ్రెజిల్ దక్షిణ ప్రాంతానికి దొంగచాటుగా చేరిన విత్తనానికి రైతులు ఫుట్‌బాల్ ఆటగాడి పేరు తగిలించి ‘మారడోనా’ సోయా అన్నారు. చేతులు దాటిపోయిన ఆ సాగును బ్రెజిల్ ప్రభుత్వం 2003లో తాత్కాలికంగా అనుమతించి, 2005 నాటి జీవభద్రతా చట్టంతో చట్టబద్ధం చేసింది. పదిహేనేళ్ల తరువాత మన రాష్ట్రాల్లో అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి వ్యాపించిన తీరును చూసినవారికి ఈ వరుస కొత్తగా తోచదు.

కలుపు మొక్కలు ఊరుకోలేదు. ఒకే మందును ఏటేటా అదే నేలపై చల్లడం వల్ల, దానిని తట్టుకోగల అరుదైన మొక్కలే బతికి విత్తనం రాల్చాయి. 2005లో జార్జియా రాష్ట్రంలో గ్లైఫోసేట్‌కు లొంగని పామర్ అమరాంత్ అనే మొండి కలుపు బయటపడింది. ఇది మన తోటకూరకు దగ్గరి చుట్టం. దాని కోసం డైకాంబా అనే మరో పాత మందును తట్టుకునే సోయాను 2016లో విడుదల చేయగా, మరుసటి ఏడాదే ఆ మందు గాలికి కొట్టుకుపోయి పక్క పొలాల్లోని మామూలు సోయాను లక్షల ఎకరాల్లో ముడుచుకుపోయేలా చేసింది. విత్తనంపై హక్కు విషయంలో కూడా కొత్త పంట పాత అలవాటును అడ్డుకుంది: ధాన్యపు గోదాములో కొన్న సోయాను విత్తనంగా వాడిన ఇండియానా రైతు వెర్నన్ బౌమన్, పంటను విత్తుగా మళ్లీ పండించడమంటే పేటెంటు వస్తువును నకలు చేయడమేనని అమెరికా సుప్రీంకోర్టు 2013లో ఏకగ్రీవంగా చెప్పడంతో, మోన్‌శాంటోపై ఓడిపోయాడు. భారతదేశంలో 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం తన పంట నుంచి విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే, ముద్ర వేయకుండా అమ్ముకునే హక్కును రైతుకు నిలబెట్టింది. ఆ చట్టానికి దక్కవలసినంత పేరు దక్కలేదనే చెప్పాలి.

కలుపుతో సంబంధం లేని ప్రయోగాలు కూడా జరిగాయి. సోయా మాంసకృత్తుల్లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువగా ఉంటుంది కనుక కోళ్ల దాణాలో దానిని విడిగా కలపవలసి వస్తుంది. ఆ లోటు తీర్చడానికి పయనీర్ హైబ్రిడ్ సంస్థ బ్రెజిల్ నట్ అనే గింజ జన్యువును సోయాలో చేర్చింది. బ్రెజిల్ నట్ పడనివారి రక్తరసితో జరిపిన పరీక్షల్లో ఆ ఎలర్జీ కారకం కొత్త సోయాలోకి కూడా వచ్చిందని తేలిన ఫలితం 1996లో వైద్యపత్రికలో వెలువడింది. ఆ సోయా విపణిలోకి రాకుండానే ఆగిపోయింది. జన్యుమార్పిడి ప్రమాదకరమనేవారు దీనిని నిదర్శనంగా చూపుతారు, పరీక్షలు పనిచేస్తాయనేవారు కూడా దీనినే చూపుతారు. జీడిపప్పు పడనివారు ఎలాంటివారో తెలిసిన పలాస పాఠకుడికి మాత్రం పరీక్ష ఎందుకు అవసరమో వివరించనక్కరలేదు. తరువాతి కాలంలో వేపుళ్లకు ఎక్కువసేపు నిలిచే ఒలియిక్ ఆమ్లం అధికంగా ఉన్న నూనె సోయా అమెరికాలోనూ, వర్షాభావాన్ని కొంత తట్టుకునే ‘హెచ్‌బీ4’ సోయా అర్జెంటీనాలోనూ వచ్చాయి. వినియోగదారుడికి నేరుగా మేలు చూపే ఈ రకాల వాటా కలుపు మందు రకాల ముందు స్వల్పమే.

ఈ సోయా ప్రస్తావన బంగాళాఖాతం తీరంలో బహిరంగ వివాదంగా మొదట వినిపించింది తుపాను సాయం విషయంలో. 1999 అక్టోబరులో పన్నెండు రోజుల వ్యవధిలో రెండు తుపానులు ఒడిశాను కొట్టాయి. మొదటిది ఇచ్ఛాపురానికి ఆవల ఉన్న గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటగా, 29వ తేదీన పారాదీప్ వైపు వచ్చిన మహా తుపాను వేలాది ప్రాణాలు తీసింది. బాధితులకు అమెరికా సాయంగా వచ్చిన ఆహారంలో మొక్కజొన్న, సోయా కలిపిన పిండి ఒకటి. వందనా శివ నాయకత్వంలోని సంస్థ దాని నమూనాలను పరీక్ష చేయించి, అందులో జన్యుమార్పిడి గింజలు ఉన్నాయని 2000లో ప్రకటించడంతో, ఆకలితో ఉన్నవారిపై ప్రయోగమా అని ఒకవైపు, అమెరికన్లు రోజూ తినేదే కదా అని మరోవైపు వాదం చెలరేగింది. ఇది ఒడిశాకు పరిమితమైన విషయం కాదు, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాల్లో అంగన్‌వాడీ కేంద్రాలకు కేర్ సంస్థ ద్వారా ఇదే తరహా పిండి, శుద్ధిచేసిన నూనె ఆ రోజుల్లో అందుతూ ఉండేవి. జన్యుమార్పిడి అనుమతులు చూసే కేంద్ర సంఘం జీఈఏసీ 2002 చివర్లో ఆ పిండి దిగుమతికి అనుమతి నిరాకరించింది. నిజానికి సంఘాన్ని ఎక్కువగా కలవరపెట్టింది సోయా కాదు, మనుషుల ఆహారానికి అనుమతి లేకుండానే అమెరికా ఆహార సరుకుల్లో కలిసిపోయిన ‘స్టార్‌లింక్’ మొక్కజొన్న; తోడు వచ్చిన సోయా కూడా దానితోపాటే ఆగింది.

పిండి ఆగింది కాని నూనె ఆగలేదు. ఉత్తరాంధ్రలో మంచినూనె అంటే నువ్వుల నూనెగా ఉన్న కాలం పోయి, వేరుశనగ నూనె, దాని వెంట చౌకడిపోల పామోలిన్ వచ్చిన క్రమం పాఠకులకు తెలిసినదే. 1986లో మొదలైన నూనెగింజల టెక్నాలజీ మిషన్ ఫలితంగా 1990 దశకం తొలినాళ్లకు దేశం నూనెల్లో దాదాపు స్వయంసమృద్ధికి చేరినప్పటికీ, 1994 నుంచి దిగుమతుల తలుపులు తెరుచుకోవడంతో ఆ స్థితి ఎంతోకాలం నిలవలేదు. నేడు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశీ సరుకే. ఇందులో సోయా నూనె వాటా ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 30 లక్షల టన్నులు దాటుతోంది, అది ప్రధానంగా అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల నుంచి వస్తోంది, ఆ దేశాల సోయా దాదాపు అంతా జన్యుమార్పిడి రకాలదే. జన్యుమార్పిడి సరుకుల దిగుమతికి ముందస్తు అనుమతి ఉండాలని 2006 ఏప్రిల్‌లో విదేశీ వాణిజ్య విధానాన్ని సవరించినప్పుడు, అప్పటికే ఏళ్లుగా వస్తున్న ఈ నూనెకు కూడా కాగితం అవసరమైంది. గ్లైఫోసేట్ తట్టుకునే సోయా నుంచి తీసిన నూనెను శుద్ధి చేసి వాడుకోవచ్చునని జీఈఏసీ 2007లో అనుమతించింది. కాకినాడ, కృష్ణపట్నం రేవులను ఆనుకుని వెలసిన శుద్ధి కర్మాగారాలు విదేశీ ముడి నూనెల మీదనే నడుస్తాయి.

తెలుగువారు తిన్న మొదటి జన్యుమార్పిడి ఆహారం సోయాయేనా అన్నది కూడా ఆలోచించవలసినదే. 2002 మార్చిలో బీటీ పత్తికి, అంటే కాయతొలుచు పురుగును చంపే సూక్ష్మజీవి జన్యువు చేర్చిన పత్తికి, అనుమతి రాగా, ఆంధ్ర ప్రభుత్వం 2006లో విత్తన ధరపై మోన్‌శాంటో భాగస్వామ్య సంస్థతో గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందు పోరాడి 450 గ్రాముల పొట్లాన్ని 750 రూపాయలకు దించిన ఘట్టం అందరికీ గుర్తుంది. అదే పత్తి గింజ నూనెగా కలగలుపు నూనెల్లోకి, చెక్కగా పాడిపశువుల దాణాలోకి పోయిన సంగతిపై మాత్రం అంత చర్చ జరగలేదు. 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికైన జైరాం రమేశ్, హైదరాబాదుతో సహా పలుచోట్ల బహిరంగ విచారణలు జరిపి బీటీ వంకాయను నిలిపివేశారు. కూరగాయగా కనిపించే పంట విషయంలో అంత జాగ్రత్త చూపిన దేశం నూనెగా కనిపించే పంట విషయంలో అందులో పదో వంతు కూడా చూపలేదు.

ఈ నూనె ఆరోగ్యానికి హాని అని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. చొప్పించిన జన్యువు గానీ, దాని వల్ల తయారయ్యే ఎంజైము గానీ గింజలోని చెక్క భాగంలో ఉంటాయి. జిగురు తీసి, రంగు విరిచి, ఆవిరితో వాసన పోగొట్టి శుద్ధి చేసిన నూనెలో వాటి జాడ దాదాపు ఉండదు, అందుకే ఏ సోయా నుంచి వచ్చిందో పరీక్షలో తేల్చడం కూడా కష్టం. దాపరికానికి మాత్రం సమర్థన లేదు. తూనికలు కొలతల నిబంధనల సవరణ ప్రకారం 2013 జనవరి 1 నుంచి జన్యుమార్పిడి ఆహారం ఉన్న ప్రతి పొట్లంపై ఆ సంగతి ముద్రించాలి. కాని ఆ ముద్ర కనిపించే నూనె ప్యాకెట్ కాశీబుగ్గ కిరాణా కొట్లలోనే కాదు, దేశంలో ఎక్కడా సులభంగా దొరకదు. ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం 2018లో 65 ఆహార పదార్థాలను పరీక్షించగా 21 పదార్థాల్లో జన్యుమార్పిడి జాడ బయటపడింది. మన వంటల్లో సోయా పేరుతో కాకుండా మీల్ మేకర్ పేరుతో చలామణి అయ్యే ఉండలు మాత్రం నూనె తీసిన సోయా పిండిని వేడితో, ఒత్తిడితో యంత్రంలో పొంగించి చేసినవి. వాటికి వాడే దేశీయ గింజ చట్టరీత్యా జన్యుమార్పిడి లేనిది.

చెక్క విషయంలో ప్రభుత్వం చాలాకాలం తలుపు మూసే ఉంచింది. జన్యుమార్పిడి లేనిదన్న పేరుతోనే మన సోయా చెక్క విదేశాల్లో కొంత అదనపు ధర పొందేది. 2021లో చెక్క ధర అంతకుముందు ఏడాదితో పోలిస్తే రెట్టింపు దాటి కోళ్ల రైతులు కుదేలవడంతో, కేంద్రం ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతిని అనుమతించింది. నలిపి నూనె తీసిన చెక్కలో మొలకెత్తే జీవం లేదు కనుక పర్యావరణపరంగా అభ్యంతరం లేదన్నది అప్పుడు చూపిన తర్కం. సోయా మిల్లుల సంఘం దానిని వ్యతిరేకించింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చాక భావనపాడు వైపు తీరంలో విస్తరించిన చెరువులకు కూడా ఈ చర్చతో సంబంధం ఉంది, ఎందుకంటే చేపపొడి ఖరీదెక్కిన కొద్దీ రొయ్యల మేతలో సోయా చెక్క పాలు పెరుగుతూ వచ్చింది. మామూలు ఏళ్లలో ఆ చెక్క మధ్యభారతపు నల్లరేగడి పంటే.

ఉద్దానంలో సోయా కంటే దానితో ముడిపడిన కలుపు మందు ప్రస్తావనే తరచుగా వినిపించడం సహజం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో 1990 దశకం నాటికే వైద్యుల దృష్టికి వచ్చిన దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి కారణం ఇప్పటికీ తేలలేదు. నీరు, నేలలోని లోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ, నొప్పి మాత్రల వాడకం అన్నీ పరిశోధకుల పరిశీలనలో ఉన్నాయి. ఇదే తరహా వ్యాధి ఉన్న శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, కఠిన జలంలోని ఖనిజాలతో గ్లైఫోసేట్ కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తోందన్న పరికల్పనను చన్న జయసుమన బృందం 2014లో ముందుకు తెచ్చింది. ఆ దేశం 2015లో గ్లైఫోసేట్‌ను నిషేధించి, తేయాకు, రబ్బరు తోటల కోసం 2018లో సడలించి, 2022లో ఎత్తివేసింది. పరికల్పన మాత్రం రుజువు కాలేదు. దానిని యథాతథంగా ఉద్దానానికి అన్వయించడం సరికాదు, ఎందుకంటే ఇక్కడి వ్యాధి బయటపడిన కాలానికి గ్లైఫోసేట్‌తో ముడిపడిన పంటలేవీ దేశంలోనే లేవు. అయితే 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం ఈ మందును క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో చేర్చిందని, అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు అందుకు విభేదించాయని కూడా చెప్పకపోతే లెక్క సరిపోదు. అనుమతి లేని పత్తి వెంట గ్లైఫోసేట్ అమ్మకాలు పెరగడంతో తెలుగు రాష్ట్రాలు రెండూ 2018లో ఆంక్షలు పెట్టాయి. కేంద్రం 2022 అక్టోబరులో దానిని శిక్షణ పొందిన తెగుళ్ల నియంత్రణ నిర్వాహకులే చల్లాలని నిర్దేశించింది. వ్యాధి విషయానికి వస్తే, పలాసలో 200 పడకల మూత్రపిండ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి, వంశధార జలాలను హిరమండలం నుంచి ఉద్దానానికి తెచ్చే తాగునీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

జన్యుమార్పిడి ఆవాలపై సుప్రీంకోర్టు ధర్మాసనం 2024 జూలైలో భిన్నాభిప్రాయాలతో చీలినా, ఇటువంటి పంటలపై జాతీయ విధానం రూపొందించాలని ఇద్దరు న్యాయమూర్తులూ ఏకీభవించారు. ఆ విధానంలో ఆహారానికి సంబంధించిన భాగం ఎలా ఉండబోతుందో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021 నవంబరులో విడుదల చేసిన ముసాయిదాను బట్టి కొంత ఊహించవచ్చు. ఏ దినుసులోనైనా జన్యుమార్పిడి అంశం ఒక శాతం లేదా అంతకు మించితే పొట్లంపై ఆ మాట రాయాలని అందులో ఉంది. మార్చిన డీఎన్‌ఏ పరీక్షకు దొరకని ఆహారానికి మినహాయింపు ఇవ్వవచ్చునని కూడా అందులోనే ఉంది. ఆ మినహాయింపు అలాగే నిలిస్తే, ఈ సోయా కాశీబుగ్గ వంటిళ్లకు చేరే ప్రధాన రూపమైన శుద్ధి నూనెపై ఏ ముద్రా ఉండనవసరం లేదు.